ఆవుల కనుమ దారిలో

నిరుడు కార్తీక మాసంలో మా నాయనమ్మ కాలం చేసింది. ఈ సంవత్సరం మార్చి నెలలో తాతయ్యను ఆరు నెలల సందర్శక వీసా మీద మాంచెస్టర్‌కు తీసుకువచ్చాము. ఈ వ్యాసాన్ని ఆయన కుమారుడూ కోడలూ కలిసి రాస్తున్నాము. పిల్లలు పిలిచే పిలుపుతోనే ఇంట్లో అందరమూ ఆ ఇద్దరినీ చెప్పుకుంటాము కాబట్టి, ఇక్కడ కూడా నాయనమ్మ, తాతయ్య అనే రాస్తున్నాము.

తాతయ్య ముప్పై ఏళ్ళకు పైగా ఆర్టీసీలో బస్సు నడిపారు. అందులో ఎక్కువ కాలం మార్కాపురం నుండి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళే దారిలోనే గడిచింది. నల్లమల అడవిలో ఆ ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఆయనకు కంఠస్థం. అటువంటి మనిషి మా ఇంటికి వచ్చాక ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఉదయం నుండి సాయంత్రం దాకా వీధిలో పోయే బండ్లను చూస్తూ ఉండిపోయారు. అడిగిన దానికి జవాబు చెప్పేవారు, పెట్టినది తినేవారు. సాయంత్రం ఆరున్నరకు లేచి దేవుని దగ్గర దీపం వెలిగించేవారు. అది నలభై ఏళ్ళకు పైగా నాయనమ్మ చేసిన పని. దీపం వెలిగించాక మళ్ళీ కుర్చీలోకి వెళ్ళేవారు.

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, అబ్బాయికి తొమ్మిదేళ్ళు. అబ్బాయికి తెలుగు అర్థమవుతుంది, కానీ నోటి నుండి ఇంగ్లీషే వస్తుంది. ఈ పత్రిక చదివే చాలా ఇళ్ళలో ఇదే పరిస్థితి కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తాతా మనవళ్ళ మధ్య రోజుకు పది మాటలు నడిస్తే గొప్ప.

మే నెలాఖరు బడి సెలవులలో స్కాట్లాండ్ ఉత్తర ప్రాంతానికి కారులో వెళ్ళాలన్నది మా పాత కోరిక. ఇన్వర్‌నెస్ కోట దగ్గర మొదలై, పడమటి తీరం, ఉత్తర తీరం చుట్టి మళ్ళీ అక్కడికే చేరే 'నార్త్ కోస్ట్ 500' అనే దారిని 2015లో ప్రచారంలోకి తెచ్చారు. పొడవు సుమారు 516 మైళ్ళు. మేము కంప్యూటరులో చక్కని పట్టిక తయారుచేశాము. మూడు రోజులలో చుట్టు మొత్తం పూర్తి, గంటకు యాభై మైళ్ళ లెక్క, ప్రతి గడికీ ఒక రంగు. తాతయ్యను రమ్మంటే "మీరు వెళ్ళి రండి, నేను ఇల్లు చూసుకుంటాను" అన్నారు.

అప్పుడు మా అబ్బాయి ఫోనులో ఒక ఫోటో తెచ్చి ఆయన ముందు పెట్టాడు. రెండు నల్లని కొండల మధ్య, పాము మెలికలు తిరిగినట్టు పైకి పాకుతున్న సన్నని రోడ్డు. తాతయ్య ఫోను చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఇది ఘాట్ రోడ్డు కదరా. ఈ దేశంలో ఘాట్ రోడ్డు ఎక్కడిది?"

మూడు వారాలలో ఆయన తమంతట తాముగా అడిగిన మొదటి ప్రశ్న అది. మరునాడు మా పట్టిక కూడా అడిగి తెప్పించుకున్నారు. వేలు పెట్టి ఒక్కొక్క వరుసే చూసి, "మైళ్ళు బాగానే రాశారు. ఇందులో ఆగడం ఎక్కడ రాశారు?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. డిపోలో ప్రతి రూటుకూ రన్నింగ్ టైము వేస్తారనీ, ఘాట్ రోడ్డుకు దూరాన్ని బట్టి కాక మలుపులను బట్టి వేయాలనీ, అలా వేయనివాడు ఆ దారిలో ఒక్కసారైనా స్టీరింగు పట్టనివాడనీ చెప్పారు.

ఆయన మాట నిజమే. హైలాండ్స్‌లో చాలా రోడ్లు ఒక్క బండి పట్టే వెడల్పుతో ఉంటాయి. గంటకు పాతిక, ముప్పై మైళ్ళు సాగితే అదృష్టం. ఆ సాయంత్రం పట్టిక చెరిపేశాము. మొత్తం చుట్టు వదులుకుని, పడమటి తీరం వెంట పైకి డర్నెస్ దాకా వెళ్ళి, మధ్య భాగం గుండా దిగివచ్చేలా ఏడు రాత్రుల ప్రణాళిక వేశాము. లాక్ లోమండ్ సరస్సు దగ్గర ఒక రాత్రి, లాక్‌కారన్ గ్రామంలో రెండు, ఉల్లాపూల్‌లో ఒకటి, డర్నెస్‌లో రెండు, తిరుగుదారిలో ఇన్వర్‌నెస్‌లో ఒకటి. ఇన్వర్‌నెస్ తప్ప ఆ ఊళ్ళన్నీ చిన్నవి. వేసవిలో బసలు చాలా ముందే నిండిపోతాయి. మాకు దొరికినవి కూడా ఎవరో రద్దు చేసుకున్నవే. వెళ్ళదలచిన వారు చలికాలంలోనే గదులు చూసుకోవడం మేలు.

సామాను సంగతి క్లుప్తంగా చెబుతాము. రైస్ కుక్కరు, మాగాయ, కందిపొడి, మొదటి రోజుకు పులిహోర, రెండో రోజుకు చపాతీలు. వానకోట్లు అందరికీ. తాతయ్యకు మంకీ క్యాపు. ముఖానికి వేసుకునే వల టోపీలు కూడా తప్పక తీసుకెళ్ళాలి. మిడ్జ్ అనే నలుసంత పురుగులు మే చివరి నుండి సెప్టెంబరు దాకా గాలి లేని వేళల్లో గుంపులుగా ముసురుతాయి, మన దోమ వాటి ముందు మర్యాదస్తురాలు. పెట్రోలు టాంకు సగానికి తగ్గకముందే నింపుకోవాలి. ఒక బంకుకూ మరొక బంకుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో పటంలో చూస్తేగాని తెలియదు.

శనివారం తెల్లవారుజామున బయలుదేరి సాయంత్రానికి లాక్ లోమండ్ చేరాము. మరునాడు రానక్ మూర్ అనే విశాలమైన బురదనేల దాటి గ్లెన్‌కో లోయలో దిగాము. రెండు పక్కలా నిటారు కొండలు, వాటి మీద సన్నని జలధారలు, లోయ నిండా మబ్బు నీడలు. ఇక్కడ 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున ఒక ఘోరం జరిగింది. మెక్‌డొనాల్డ్ వంశం వారు తమ ఇళ్ళలో దాదాపు పన్నెండు రోజులు భోజనం పెట్టి, పడక ఇచ్చి ఆదరించిన సైనికులే ఆ ఇంటివారి మీద పడి సుమారు ముప్పై ఎనిమిది మందిని చంపారు. ప్రాణాలు దక్కించుకున్న వారిలో కొందరు మంచులో పారిపోతూ చలికి చనిపోయారు. ఇది చదివి వినిపిస్తే తాతయ్య, "ఉప్పు తిన్న ఇంట్లోనా!" అని ఒక్క మాటే అన్నారు. కారులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

సోమవారం ఉదయం లాక్‌కారన్ నుండి ఫోటోలోని రోడ్డుకు వెళ్ళాము. ఆ కనుమ పేరు గేలిక్ భాషలో 'బ్యాలఖ్ నా బా'. హైలాండ్స్‌లో చాలా దారి గుర్తుల మీద గేలిక్, ఇంగ్లీషు రెండూ ఉంటాయి. మా అమ్మాయి మొదటి రోజు నుండి వాటిని పుస్తకంలో రాసుకుంటూ వస్తోంది. బ్యాలఖ్ అంటే కొండల నడిమి దారి. బా అంటే ఆవులు. "మరి తెలుగులో ఏమంటారు తాతయ్యా?" అని అడిగింది. "కనుమ. ఆవుల కనుమ" అన్నారు. అబ్బాయి వెంటనే, "కనుమ అంటే పండుగ కదా, ఆవులకు బొట్టు పెట్టే రోజు" అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడనుకోండి. ఆ పండుగ పేరు, ఈ కొండ దారి పేరు తెలుగులో ఒకటే కావడం వాడికి ఎంత విచిత్రంగా తోచిందో చెప్పలేము. రోజంతా అదే మాట. పూర్వం ఈ ప్రాంతపు పశువులను కొండలు దాటించి, దక్షిణాన క్రీఫ్, ఫాల్కర్క్ సంతలకు తోలుకుపోయేవారు. కనుమకు ఆ పేరు అలా వచ్చింది. 1822లో రోడ్డు వేశారు. 1970 దశకంలో తీరం వెంట మరొక రోడ్డు వచ్చేదాకా యాపిల్‌క్రాస్ గ్రామానికి నేల మీద వేరే దారే లేదు.

కింద టోర్నప్రెస్ దగ్గర ఒక పెద్ద హెచ్చరిక పలక ఉన్నది. దారి 2,053 అడుగుల ఎత్తుకు, అంటే 626 మీటర్లకు ఎక్కుతుందనీ, అయిదడుగులకు ఒక అడుగు లేచే వాలు ఉంటుందనీ, హెయిర్‌పిన్ మలుపులు ఉంటాయనీ, బండి నేర్చుకుంటున్నవారికీ, పెద్ద వాహనాలకూ, క్యారవాన్లకూ తగదనీ దాని సారాంశం. పైన మబ్బు దిగి ఉన్నది. ఆ రోజు స్టీరింగు కోడలి వంతు. చుట్టుదారిన పోదామా అని మాలో మేము తర్జనభర్జన పడ్డాము. తాతయ్య వెనుక సీటు నుండి ముందు సీటుకు మారారు. "ఏం కాదమ్మా. సెకండు గేరు దాటకు. నేను చెబుతాను" అన్నారు.

ఇక్కడ ఒంటిదారి మర్యాదలు చెప్పాలి. దారి పొడుగునా 'పాసింగ్ ప్లేస్' అని పలక పెట్టిన చిన్న చిన్న వెడల్పు చోట్లు ఉంటాయి. ఎదురుగా బండి వస్తే, ఆ చోటు మనకు ఎడమ పక్కన ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడి పక్కన ఉంటే దానికి ఎదురుగా మన దారిలోనే ఆగి, అవతలి బండిని అందులోకి వెళ్ళనివ్వాలి. వెనుక తొందరగా పోయేవారున్నా ఆగి దారి ఇవ్వాలి. ఫోటోల కోసం ఆ చోట్లలో బండి నిలపకూడదు. దారి ఇచ్చినవారికి చేయి ఎత్తి కృతజ్ఞత చెప్పాలి. ఇవన్నీ వివరిస్తే తాతయ్యకు కొత్తగా తోచలేదు. "ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఇక్కడ కూడా అంతేనా?" అని మాత్రం అడిగారు. అంతే. ఇక్కడి హైవే కోడ్ కూడా అదే చెబుతుంది. "ఊఁ" అని తృప్తిగా వెనుకకు వాలారు. మలుపుల దగ్గర హారను కొట్టకపోవడం మాత్రం ఆయనకు చివరిదాకా మింగుడు పడలేదు.

సగం దూరం ఎక్కాము. కుడి పక్క నల్లని రాతి గోడ, ఎడమ పక్క ఇనుప కమ్మీ, దాని అవతల లోయ. మబ్బులోకి ప్రవేశించగానే ముందు ముప్పై గజాలు కూడా కనబడలేదు. మొదటి హెయిర్‌పిన్ మలుపు దగ్గరకు వచ్చేసరికి పై నుండి ఒక క్యాంపర్ వ్యాను దిగి, సరిగ్గా మా ముందు ఆగింది. నియమం ప్రకారం వారే వెనక్కు పోవాలి. కానీ ఆ వాలులో, ఆ మలుపులో, ఆ పొడుగాటి బండితో వెనక్కు ఎక్కడం వారి వల్ల కాదని ఆ నడిపే ఆవిడ ముఖమే చెబుతున్నది. మా వెనుక పాసింగ్ ప్లేస్ దాదాపు అరవై గజాల కింద ఉన్నది. హ్యాండ్ బ్రేకు వేసి, మా కోడలు చేతులు స్టీరింగు మీద బిగించి కూర్చుండిపోయింది.

తాతయ్య తలుపు తీసి దిగారు. మంకీ క్యాపు, పంచె మీద వానకోటు, కాళ్ళకు బూట్లు. కారు వెనుకకు నడిచి, రోడ్డు మధ్యన నిలబడి, రెండు వేళ్ళతో డిక్కీ మీద టక టక కొట్టారు.

"రైట్... రైట్... రానీ అమ్మా... కొంచెం కుడికి కొట్టు... రానీ... రైట్..."

ఇండియాలో ఆర్టీసీ బస్సు ఎక్కి ఎరుగని పిల్లల కోసం చెబుతున్నాము: బస్సు కదలాలంటే కండక్టరు 'రైట్ రైట్' అంటాడు, ఆగాలంటే 'హోల్డాన్' అంటాడు. ముప్పై ఏళ్ళు ఆ కేకలు విని బండి నడిపిన మనిషి, మొదటిసారి తాము ఆ కేకలు వేశారు. ఒక్కొక్క అడుగూ వెనక్కు వచ్చాము. అద్దంలో మబ్బు తప్ప ఏమీ లేదు, ఆ గొంతు మాత్రం ఉన్నది.

"హోల్డాన్!"

కారు పాసింగ్ ప్లేస్‌లో సరిగ్గా సరిపోయింది. వ్యాను మెల్లగా పక్క నుండి దిగిపోయింది. దానిలోని ఆవిడ అద్దం దించి రెండు చేతులూ ఎత్తింది. తాతయ్య ఆమెకు నమస్కారం పెట్టారు. అది మొదలు, ఆ వారమంతా దారి ఇచ్చిన ప్రతి బండికీ మేము చేయి ఎత్తుతుంటే, ఆయన నమస్కారం పెడుతూ వచ్చారు. మూడో రోజుకు అబ్బాయి కూడా అదే పెట్టాడు. తిరిగి నమస్కరించిన స్కాట్లాండ్ డ్రైవర్లను ఇద్దరిని చూశాము.

పైన శిఖరం దగ్గర మబ్బు విడిచింది. పడమట సముద్రం, రాసే ద్వీపం, దాని వెనుక స్కై ద్వీపపు పర్వతాలు. తాతయ్య వాటికన్నా ఎక్కువసేపు మేము ఎక్కివచ్చిన రోడ్డునే చూశారు. దిగేటప్పుడు, "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. బ్రేకు మీద కాలు ఉంచి కొండ దిగేవాడు డ్రైవరు కాడు" అన్నారు. అబ్బాయికి ఒక ఉద్యోగం కూడా ఇచ్చారు. ముందు చూపు వాడిది. ఎదురు బండి కనబడగానే గట్టిగా చెప్పాలి. మొదట వాడు ఇంగ్లీషులో అరిచాడు. అది అర్థం చేసుకోవడానికి తాతయ్యకు ఒక క్షణం పట్టింది. ఘాట్ రోడ్డులో ఆ క్షణం ఉండదని ఆయన చెప్పారు. మరుసటి మలుపులో వెనుక సీటు నుండి "బండి! బండి వస్తోంది! తెల్ల బండి!" అని కేక వచ్చింది. మేమిద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము, ఏమీ అనలేదు. అంటే మళ్ళీ ఎక్కడ సిగ్గుపడి మానేస్తాడో అని.

తరువాతి రెండు రోజులు అద్భుతమైనవే అయినా త్వరగా చెబుతాము. టోరిడన్ కొండలు, 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ ప్రకృతి రక్షిత ప్రాంతంగా ప్రకటించిన బెన్ ఈ, దాని పక్కన లాక్ మరీ సరస్సు. పూల్యూ దగ్గర ఇన్వర్యూ తోట 1862లో మొదలయినది. ఉత్తరాన ఇంత దూరంలో హిమాలయాల రోడోడెండ్రాన్లు విరగబూసి ఉన్నాయి. అట్లాంటిక్ మహాసముద్రపు వెచ్చని ప్రవాహం వల్ల అక్కడ చలి అంత కఠినంగా ఉండదట. ఉల్లాపూల్ దాటాక నాకన్ క్రాగ్ అనే చోట ఒక రాతి గోడ ముందు ఆగాము. అక్కడ పైనున్న రాయి పాతది, కిందనున్న రాయి కొత్తది. భూమి పొరలు ఒకదాని మీదకు ఒకటి మైళ్ళ కొద్దీ జరిగి ఎక్కిన ఫలితం. పీచ్, హార్న్ అనే ఇద్దరు భూగర్భ శాస్త్రవేత్తలు కొండ కొండా తిరిగి దీనిని లెక్కతేల్చి, 1907లో గ్రంథంగా వెలువరించారు. అదే తీరంలోని బూడిద రంగు నైస్ రాళ్ళకు దాదాపు మూడు వందల కోట్ల సంవత్సరాల వయస్సు. అబ్బాయి ఒక గులకరాయి జేబులో వేసుకోబోతే, అమ్మాయి తీసుకోకూడదని చెప్పి వెనక్కు పెట్టించింది.

డర్నెస్‌లో రాత్రి రాదు. అతిశయోక్తి కాదు, మే చివరన సూర్యుడు రాత్రి పది దాటాకగాని అస్తమించడు. మొదటి సాయంత్రం ఆరున్నరకు తాతయ్య అలవాటుగా లేచారు, బయటకు చూశారు, మళ్ళీ కూర్చున్నారు. ఎనిమిదికి లేచారు. తొమ్మిదికి లేచారు. అబ్బాయి నిద్రపోకుండా కాచుకుని, "దీపం ఎప్పుడు తాతయ్యా?" అని పదే పదే అడుగుతున్నాడు. "సూర్యుడు ఇంకా డ్యూటీ దిగలేదురా" అన్నారు.

బసలో నిప్పు వెలిగించరాదని నియమం. అందువల్ల పది దాటాక చిన్న ఇత్తడి ప్రమిద తీసుకుని బయట రాతి గోడ చాటుకు వెళ్ళాము. కింద తెల్లని ఇసుక తీరం, ఉత్తరపు ఆకాశం ఇంకా నారింజ రంగులో. రెండుసార్లు గాలికి ఆరిపోయింది. మూడోసారి అబ్బాయి తన వానకోటు విప్పి రెండు చేతులా గొడుగులా పట్టాడు. ఒత్తి నిలబడింది. తాతయ్య పెదవులు కదిలాయి, శ్లోకమేమో అనుకున్నాము. తరువాత ఆయనే చెప్పారు. నాయనమ్మకు ఈ ఊరు వర్ణించి చెప్పారట.

శుక్రవారం తిరుగు ప్రయాణం. టంగ్ మీదుగా బెటీహిల్ వచ్చి, అక్కడి నుండి స్ట్రాత్‌నేవర్ లోయ వెంట దక్షిణానికి మళ్ళాము. నది పక్కన పచ్చని మెత్తని నేల, గొర్రెలు, మనుషులు దాదాపు లేరు. ఇంత మంచి నేల ఖాళీగా ఎందుకున్నదని తాతయ్య ఆశ్చర్యపోయారు. కారణం సైర్ అనే చోటికి దగ్గరలో, అడవి మధ్యన రోసల్ అనే గ్రామ శిథిలాలలో ఉన్నది. ఈ లోయ సదర్లాండ్ ఎస్టేటుది. గొర్రెల పెంపకంలో ఎక్కువ ఆదాయం వస్తుందని, తరతరాలుగా అక్కడ సేద్యం చేసుకుంటున్న కుటుంబాలను ఎస్టేటువారు ఖాళీ చేయించారు. రోసల్ 1814 నుండి 1818 లోపల ఖాళీ అయింది. ఇళ్ళ కప్పులకు నిప్పు పెట్టించాడన్న ఆరోపణల మీద ఎస్టేటు అధికారి పాట్రిక్ సెల్లర్‌ను 1816లో విచారించి, నిర్దోషి అని విడిచిపెట్టారు. జనం తీరానికి, కొందరు సముద్రాలు దాటి వెళ్ళారు.

చెట్ల మధ్య నుండి నడిచి వెళితే హఠాత్తుగా ఒక పెద్ద పచ్చిక మైదానం. అందులో మోకాలి ఎత్తు రాతి గోడలు, గడ్డి కప్పుకుని, ఇంటి ఆకారాలలో. మా ప్రణాళికలో ఇక్కడ అరగంట రాశాము. తాతయ్య ఒక పొడుగాటి ఇంటి పునాదిని అడుగులతో కొలుచుకుంటూ నడిచారు. మధ్యలో ఆగి, "వాలు ఇటుంది కదా, పశువులు ఈ వైపు. మనుషులు ఆ వైపు. పొయ్యి ఇక్కడ" అన్నారు. తరువాత పలక మీద చదివాము, అలాగే ఉండేవట ఆ ఇళ్ళు. ఎలా తెలుసని అడిగాము.

ఆయన ఒక రాయి మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు. నాయనమ్మ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున, సంగమేశ్వరానికి అవతల ఒక చిన్న పల్లె. శ్రీశైలం జలాశయం నిండిన 1980 దశకపు తొలి సంవత్సరాలలో ఆ తీరాన ఎన్నో గ్రామాలతో పాటు అదీ మునిగింది. ఇంతవరకు మాకు తెలుసు. మాకు తెలియనిది, వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరాలయం బయటపడినట్టే ఆ ఊరి పునాదులు కూడా కొన్ని బయటపడతాయని. నాయనమ్మ ఒకసారి చూపించమని అడిగిందట. ఒక సెలవు రోజున తీసుకువెళ్ళారు. ఎండిన బురద నెర్రెల మధ్య నడిచి, ఆమె తన ఇంటి గడప రాయిని గుర్తుపట్టింది. కొంగు ముడి విప్పి పసుపు తీసి రాసింది. తరువాత ఇలాగే అడుగులతో కొలిచింది. ఇది కొట్టం, ఇది వంటిల్లు, ఇక్కడ మా అమ్మ రోలు.

"నేను గడియారం చూసుకుంటున్నాను" అన్నారు తాతయ్య. "తిరుగు బస్సు తప్పిపోతే మరునాడు తెల్లవారి డ్యూటీకి అందను. పద, పద అన్నాను. ఇంకో గది చూపిస్తానంది. మళ్ళీ వేసవికి వద్దాంలే అన్నాను. మళ్ళీ వెళ్ళలేదు. ఏ గదో కూడా తెలియదు."

గాలి చెట్లలో మాత్రమే ఉన్నది. అమ్మాయి వచ్చి ఆయన పక్కన రాయి మీద కూర్చున్నది. అబ్బాయికి అంత తెలుగు ఎంతవరకు అర్థమయిందో తెలియదు. వాడు ఆ పొడుగాటి ఇంటి అవతలి కొసకు వెళ్ళి, అడుగు ముందు అడుగు పెడుతూ గోడ వెంట లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఇరవై దాకా తెలుగులో వచ్చు. ఆపై తాతయ్య కూర్చున్న చోటు నుండే అందించారు. ఇరవై ఒకటి. ఇరవై రెండు. మేము గడియారం చూడలేదు. ఇన్వర్‌నెస్ బస చేరేసరికి వంటలేమీ దొరకని వేళ అయి, కుక్కరులో అన్నం పెట్టుకుని మాగాయతో తిన్నాము.

తాతయ్య ఆగస్టు చివరన తిరిగి వెళతారు. ఇప్పుడు కిటికీ కుర్చీలో కూర్చున్నా, అబ్బాయి బడి నుండి రాగానే ఇద్దరూ పటం ముందేసుకుంటారు. వచ్చే సంవత్సరం ఈస్టర్ సెలవులలో, నీరు తగ్గి ఉంటే, కర్నూలు మీదుగా కృష్ణ ఒడ్డుకు వెళ్ళాలని నిర్ణయం. ప్రణాళిక అబ్బాయిది. ఆదివారం తరగతిలో నేర్చుకున్న అక్షరాలతో, గళ్ళు గీసి, ఊళ్ళ పేర్లు తెలుగులోనే రాస్తున్నాడు. ఆఖరి వరుసలో ఊరి పేరు దగ్గర 'అగుట' అని రాసి, దాని ఎదుట సమయం గడి ఖాళీగా వదిలాడు. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి, వాడి చేతనే దీర్ఘం దిద్దించారు. గడి జోలికి పోలేదు.